ఎడమచేతి చిటికెనవేలు

పొద్దున్నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఠాకుమా మాత్రం మాట్లాడుతూనే ఉంది. అయితే ఆవిడ మాట్లాడుతున్నది పూజ గూట్లోని ఇత్తడి గోపాలుడితో.

"విన్నావా నాయనా, నీ ముసల్ది నిన్న వీధంతటికీ వినపడేలా అబద్ధం చెప్పింది. నీకు రోజూ పటికబెల్లం పెడుతున్నది ఊరికే కాదు. ఆ పాపం నువ్వే మొయ్యి."

వంటింట్లో కూర్చుని కొబ్బరి తురుముతున్న బీథికకు ఆ మాటలు ఎవరికోసమో తెలుసు. మనవరాలిని ముఖం మీద తిట్టడం ఇష్టం లేనప్పుడు నాయనమ్మ దేవుడితో చెప్పుకుంటుంది. అది ఆ ఇంట్లో పాత అలవాటే.

అమ్మ పొయ్యి దగ్గర బెల్లం పాకం పడుతోంది. గరిటె ఎక్కడ పెట్టినా చప్పుడవుతోంది. బీథిక తండ్రి, బాబా, ముందుగదిలో పేపరు చదువుతున్నాడు. నిన్న సాయంత్రం నుంచి అదే పేపరు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. ఆ తర్వాత ఎవరూ మళ్లీ పిలవలేదు.

నిన్న సాయంత్రం ఒక్క మాట నోరు దాటింది. అంతే.

కొండల్లో చైనాతో యుద్ధం మొదలయ్యాక వీధి చివర పళ్ల డాక్టరు చెన్ దుకాణం వైపు నడిచేవాళ్లు తగ్గిపోయారు. రేడియోలో వార్తలు వచ్చే వేళకు కుర్రాళ్లు అరుగు మీద పోగై, వార్తలయ్యాక ఆ దుకాణం వైపు చూసేవాళ్లు. నిన్న చూడటంతో ఆగలేదు. హాబుల్, అతని వెంట మరికొందరు ఇటుకలు తీసుకుని, గుమ్మం మీద వేలాడే పెద్ద పన్ను బొమ్మ బోర్డు మీదికి విసిరారు. బోర్డు లోపల పెట్టేయడానికి డాక్టరుగారబ్బాయి గోలిన్ బయటకు వచ్చాడు. ఒక ఇటుక ముక్క అతని కనుబొమకు తగిలింది.

మేడ వరండాలో దీపాలు సర్దుతున్న బీథిక ఆ రక్తం చూసింది. చూసి, "గోలిన్" అని అరిచింది.

అన్నా అన్నట్టు దాదా అనలేదు. ఉత్త పేరు.

ఆ వీధిలో ఏ ఆడపిల్లా తనకంటే ఒక్క నెల పెద్దవాడైనా అబ్బాయిని ఉత్త పేరుతో పిలవదు. పాలు పోసే రతన్ రతన్‌దా. రిక్షా లాగే ఫణి ఫణిదా. ఇటుక విసిరిన హాబుల్ కూడా హాబుల్‌దాయే. ఉత్త పేరుతో పిలిచేది కన్నతల్లి, కలిసి చదివిన స్నేహితుడు. ఇంకో రకం కూడా ఉంది. దాని గురించి ఎవరూ పైకి అనరు.

వీధంతా తల ఎత్తి వరండా వైపు చూసింది. గోలిన్ కూడా, ఒక కన్ను రక్తంతో మూసుకుపోయి, చూశాడు.

"అదేంటి బీథీ," అన్నాడు హాబుల్, చేతిలో ఇటుక అలాగే పట్టుకుని. "మమ్మల్నందర్నీ దాదా అంటావు. వీడి దగ్గరకొచ్చేసరికి పేరు ఒక్కటే మిగిలిందా?"

అప్పుడు ఠాకుమా వరండాలోకి వచ్చింది. కటకటాలు పట్టుకుని కిందికి వంగి, అడ్డాల్లో పెంచిన వాణ్ని కసిరినట్టు కసిరింది. "దాని అన్న, దాని ఇష్టం. ఏటా దాని చేత బొట్టు పెట్టించుకుంటున్నాడు. దాదా అని పిలుస్తుందో దద్దమ్మా అని పిలుస్తుందో నీకెందుకురా?"

"ఏటానా? మేమెప్పుడూ చూళ్లేదే ఠాకుమా."

"మా వంటింట్లోకి తొంగి చూడటం నీకు అలవాటా?"

ఎవరో నవ్వారు. హాబుల్ కూడా నవ్వాడు. ఇటుక కింద పడేశాడు. కాని వెళ్తూ వెళ్తూ అన్న మాటకు అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"ఎల్లుండేగా భాయిఫోటా. ఈసారి వంటింట్లో వద్దు, కింద వాకిట్లో పెట్టించండి. మేమూ చూస్తాం. మీ అమ్మాయికి అన్న అయితే వీధికీ మనిషే. వాడి మీద ఈగ వాలనివ్వం." కాకపోతే ఏమవుతుందో అతను చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

ఆ ఎల్లుండి ఇప్పుడు రేపయింది. అన్నదమ్ముల నొసట అక్కచెల్లెళ్లు గంధం బొట్టు పెట్టే పండుగ. బీథికకు తోడబుట్టినవాళ్లు లేరు. ప్రతి ఏడూ ఆ రోజు పక్కింటివాళ్ల శంఖాలు వింటూ కూర్చునేది. ఆ ఇంట్లో ఆ పండక్కి కొబ్బరి తురమడం ఇదే మొదలు.

పాకం దించి, అమ్మ మొదటిసారి నోరు విప్పింది.

"ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పు. అన్నేనా?"

బీథిక కొబ్బరి చిప్పను తిప్పుతూ ఉండిపోయింది. చిప్పలో తెల్లదనం అయిపోయి నల్లపొట్టు కూడా తురుములో పడింది. అమ్మ చూసింది. ఆ చిప్ప చేతిలోంచి తీసేసుకుంది.

"అయితే మరీ మంచిది," అంది. "రేపటితో అన్నే అవుతాడు."

"బౌమా, దాన్ని వదిలేయ్," అని ఠాకుమా గుమ్మంలోంచి కోడలికి చెప్పింది.

అమ్మ వదల్లేదు. తనకు ఇన్నాళ్లూ అనుమానం రాకపోవడమే తన తప్పంది. వానాకాలమంతా అత్తగారి కట్టుడు పళ్ల సెట్టు కొలతలకని పిల్లని ఆ దుకాణానికి తోడు పంపింది తానేనంది. కృష్ణనగర్ పోస్టాఫీసు అబ్బాయి సంబంధం వచ్చినప్పుడే సరే అని ఉంటే ఇవాళ ఈ గతి పట్టేది కాదంది. ఆ సంబంధం వాళ్లు దుర్గాపూజలకు ముందు కబురు పంపారు. పిల్ల స్కూల్ ఫైనల్ పరీక్ష రాయాలి, అప్పుడు చూద్దామని బాబా అన్నాడు.

"తప్పంతా నా పళ్లదే అయితే చెప్పు," అంది ఠాకుమా. "ఇప్పుడే తీసి కాలవలో పారేస్తాను. రేపట్నుంచి నాకు అన్నం నమిలి పెట్టు."

"చైనావాడి పళ్లు నోట్లో పెట్టుకుని మీరు వాళ్ల వైపే మాట్లాడతారు."

"వాటితోనే గోపాలుడి ప్రసాదం నములుతున్నాను. ఆయనకు లేని అభ్యంతరం నీకొచ్చిందా? ఆ పిల్లాణ్ని కాపాడటానికి నాకు దొరికింది ఆ ఒక్క మాటే. ఇంకో మాట తడితే నువ్వే అనాల్సింది. ఇంట్లో మగవాడున్నాడు, ఆయనైనా అనాల్సింది."

ముందుగదిలో పేపరు చప్పుడు ఆగింది. ఆదివారం ఆదివారం చెన్ డాక్టరుతో చదరంగం ఆడే మనిషి బాబా. ఇరవై ఏళ్ల స్నేహం. నిన్న ఇటుకలు పడుతున్నంతసేపూ ఆయన ఆ గదిలోనే, ఆ కుర్చీలోనే ఉన్నాడు. కాసేపయ్యాక పేపరు మళ్లీ తిరగేసిన చప్పుడు వినపడింది.



మధ్యాహ్నం ఠాకుమా తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని, పళ్లు గుచ్చుకుంటున్నాయంది. చెన్ దగ్గరకు వెళ్లి అరగదీయించుకోవాలంది. పొద్దున అటుకులు కరకరా నమిలిన మనిషి. బీథిక చెప్పులు వేసుకుంది.

దుకాణం తలుపులు ఓరగా వేసి ఉన్నాయి. లోపల లవంగనూనె వాసన ఎప్పటిలాగే ఉంది. మిగతాదేదీ ఎప్పటిలా లేదు. రోగులు కూర్చునే పెద్ద కుర్చీ ముక్కలు ముక్కలుగా విప్పి గోడవారగా పేర్చి ఉంది. చెన్ డాక్టరు ఠాకుమాను లోపలి గదిలోకి తీసుకెళ్లాడు. ఆయన ఏమీ అడగలేదు. ఆవిడా పళ్ల మాట ఎత్తలేదు. తెర వెనక ఇద్దరు పెద్దవాళ్లు మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

బయట బెంచీ మీద గోలిన్, బీథిక మిగిలారు. వానాకాలంలో ఆ బెంచీ మీదే అతను అచ్చులు తీసే గులాబీరంగు మైనం కొంచెం తుంచి ఇచ్చేవాడు. ఆమె దాంతో చేపలు చేసేది. మాటలు ఎక్కువ ఉండేవి కావు. ఆమెకు మాట్లాడటం రాదు. అతనికి ఆమె మాట్లాడకపోవడం బాగుండేది.

వాళ్లిద్దరి మధ్య జరిగిన సంగతంతా లెక్కకు తీస్తే ఒక జ్వరం. పోయినేడు పళ్ల సెట్టు మాట మొదలైన సంబరంలో ఠాకుమా అతన్ని భాయిఫోటాకు పిలిచింది. గోపాల్ అని పిలిచేది ఆవిడ అతన్ని. గోలిన్ అన్నది ఆవిడ నోట తిరగక అలా అయింది. గోపాల్ రాలేదు. జ్వరమని కబురు పంపాడు. ఆ మర్నాడే గాలిపటం ఎగరేస్తూ కనిపించాడు. బీథికను చూసి దారం వదిలేశాడు. ఏం మాట్లాడుకోకుండానే ఆమెకు అర్థమైంది. ఆ రాత్రి ఆమె డైరీలో ఏమీ రాయలేదు. ఊరికే తారీఖు వేసి పేజీ వదిలేసింది.

ఇప్పుడు అతని కనుబొమ మీద గుడ్డపట్టీ ఉంది.

"నొప్పిగా ఉందా?"

"నవ్వితేనే."

"అయితే నవ్వకు."

"అందరూ అదే సాయం చేస్తున్నారు," అన్నాడు. నవ్వబోయి ఆగాడు. తర్వాత తెర వైపు చూపించి, "ఆవిడ పళ్లు బాగానే ఉన్నాయి, నాకు తెలుసు," అన్నాడు.

"రేపు నువ్వు రావాలట."

"వస్తాను."

అంత తేలిగ్గా ఆ మాట వస్తుందని ఆమె అనుకోలేదు. దారి పొడుగునా అతను ఒప్పుకోకపోతే ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ వచ్చింది. ఒప్పుకుంటే ఏం చెయ్యాలో అనుకోలేదు.

"జ్వరమని చెప్పొచ్చుగా," అంది.

"ఈసారి నా జ్వరం ఎవరూ నమ్మరు బీథీ." అతను గోడవారనున్న కుర్చీ ముక్కల్ని చూశాడు. "వాళ్లొచ్చి విరగ్గొట్టేలోపు మనమే విప్పి దాచుకుందామన్నాడు నాన్న. మరలన్నీ నా చేత పట్టించాడు. ఆయన చేతులు వణకడం నేనెప్పుడూ చూళ్లేదు. మనుషుల నోట్లో పని చేసే చేతులవి. అమ్మేమో కాయితం పూలు చేస్తూనే ఉంది. ఎవరు కొంటారే అని నాన్న అంటే, చేతులు ఆపితే ఏడుపొస్తుందంది."

"నేను పెట్టను."

"పెట్టాలి."

"పెట్టనంటే పెట్టను. హాబుల్‌దా ఏం చేసుకుంటాడో చేసుకోనీ."

"నిన్ను ఏమీ చెయ్యడు," అన్నాడు గోలిన్.

ఆ మాటకు ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. అతనికి ఇదేదో చిన్న విషయంలా ఉందని, కడుక్కుంటే పోయే బొట్టే కదా అనుకుంటున్నాడని తోచింది. చెప్పాలనుకుంది. జీవితంలో మొదటిసారి అతనికి ఏదో గట్టిగా చెప్పాలనుకుని, తొందరలో నోటికొచ్చినట్టు చెప్పింది.

"నీకు తెలీదు. మాలో ఒకసారి బొట్టు పెడితే ఇంక ఎప్పటికీ..."

"మాలోనా?" అన్నాడు గోలిన్.

ఆమె ఆగిపోయింది.

"మాలో అంటే ఎవరు బీథీ?" గొంతు పెంచలేదు. "హాబుల్ కూడా అదే అన్నాడు. మాలో నువ్వెవడివి అన్నాడు. నేను ఈ బెంచీ వెనక గదిలోనే పుట్టాను. బొట్టు పెట్టించుకుంటే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెలియకుండానే పోయినేడు జ్వరం తెచ్చుకున్నానా?"

'మనలో' అనాల్సింది. ఒక్క అక్షరం. ఆ అక్షరాన్ని వెనక్కి తీసుకోవడానికి బీథిక నోరు తెరిచింది. కాని తెర కదిలింది. ఠాకుమా బయటకు వస్తూ, పళ్లు ఇప్పుడు సుఖంగా ఉన్నాయని ఎవరూ అడక్కుండానే చెప్పింది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పొద్దున్నే ఏమీ తినకుండా రా గోపాల్," అంది. "బొట్టు అయ్యాక పూరీలు, పాయసం."

"అలాగే ఠాకుమా," అన్నాడు. బీథిక వైపు చూడలేదు.

దారిలో ఠాకుమా మనవరాలి చెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది. ఇంటి గుమ్మం దగ్గరకు వస్తుండగా అంది. "నన్ను తిట్టుకో. తిట్టుకుంటూనే పెట్టు. ప్రాణం ఉంటే మనిషి ఎక్కడో ఒకచోట ఉంటాడు."

బీథిక తిట్టుకోలేదు. మాలో, మాలో అని ఆ మాటే లోపల తిరుగుతోంది. ఇటుక ఎవరు విసిరారో వీధికి తెలుసు. ఈ మాట ఎవరు విసిరారో ఇద్దరికే తెలుసు.

మర్నాడు వాకిట్లో జనం నిండారు. చాలామంది పండక్కి వచ్చారు. కొందరు తమాషాకు వచ్చారు. హాబుల్ తలస్నానం చేసి, నుదుట తన చెల్లెలు పెట్టిన బొట్టుతో ముందు వరసలో నిలబడ్డాడు. పక్కన వాళ్లమ్మ, వీధి పిల్లలందరికీ పిన్ని, నీహార్ కాకిమా. బాబా గుమ్మం దగ్గర స్తంభానికి ఆనుకున్నాడు. చేతిలో పేపరు లేదు. దానివల్ల చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు.

గోలిన్ ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాతో వచ్చాడు. చేతిలో ఒక కాయితం పొట్లం. తూర్పుముఖంగా వేసిన ఆసనం మీద కూర్చున్నాడు. ముందు పళ్లెంలో నేతిదీపం, గంధం, పెరుగు, కాటుక, గరిక, ధాన్యం గింజలు. ఎవరూ నేర్పకుండానే కాళ్లు మడిచి సరిగ్గా కూర్చున్న తీరు చూసి నీహార్ కాకిమా పక్కావిడతో ఏదో అంది. ఆవిడ తల ఊపింది.

అమ్మ బీథిక వెనక నిలబడి, ఎడమచెయ్యి అని గుర్తుచేసింది. చిటికెనవేలు.

బీథిక గంధంలో వేలు ముంచింది. మూడుసార్లు పెట్టాలి. పెట్టిన ప్రతిసారీ పాట చెప్పాలి. అన్న నుదుట బొట్టు పెట్టాను, యముడి గుమ్మానికి ముళ్లకంప అడ్డం వేశాను అనే అర్థం వచ్చే చిన్న పాట. ఊళ్లో ప్రతి ఆడపిల్లకూ నోటికి వచ్చు. ఆమెకూ వచ్చు. ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.

పట్టీ పైకి జరిగి, అతని నుదుట చోటు కొంచెమే మిగిలింది. ఆమె వేలు తగిలినప్పుడు అతను కళ్లు మూసుకున్నాడు.

మొదటిసారి పాట ఆమె పెదవుల దగ్గరే ఆగిపోయింది. వినపడటం లేదమ్మాయ్ అంది నీహార్ కాకిమా. రెండోసారి కొంచెం వినపడింది. హాబుల్ చెవి ఇటు పెట్టి తల వంచాడు.

అప్పుడు బీథికకు ఒకటి తట్టింది. ఆ పాటలో అన్న అన్నది ఒక్క మాటే. మిగతాదంతా యముడితో చెప్పేది. వీణ్ని ముట్టుకోకు అని చెప్పేది. ఆ మాట తను నిన్నటి నుంచీ, మొన్నటి నుంచీ లోపల అంటూనే ఉంది. మూడోసారి ఆమె పాట వాకిలి దాటి వీధిలోకి వినపడింది. ఆ పిల్లకు అంత గొంతు ఉందని ఎవరికీ తెలియదు.

శంఖం ఊదారు. ఆడవాళ్లు మంగళధ్వని చేశారు. బీథిక వంగి అతని పాదాలకు దణ్ణం పెట్టింది. అతను పళ్లెంలోంచి గరిక, గింజలు తీసి ఆమె తల మీద వేశాడు. పెద్దవాళ్లు అనే దీవెన అందరికీ వినపడేలా అన్నాడు.

"సుఖంగా ఉండు."

అంతే. మొత్తం ఆవు పులి కథ చెప్పినంతసేపు కూడా పట్టలేదు.

హాబుల్ ముందుకొచ్చి గోలిన్ భుజం మీద చెయ్యి వేశాడు. తప్పయిందని అనలేదు. ఆ బోర్డు మేమే బిగిస్తాంలే, సాయంత్రం నిచ్చెన తెస్తాను అన్నాడు. పళ్లు రాలగొట్టించుకున్నవాళ్లకు డిస్కౌంటు ఇవ్వాలిరా అని ఎవరో వెనకనుంచి అన్నారు. జనం తేలికపడ్డారు. మొన్న ఇటుకలు పట్టుకున్న చేతులు ఇవాళ కొబ్బరి ఉండలకు చాచాయి.

గోలిన్ పొట్లం విప్పి చెల్లెలికి కానుక ఇచ్చాడు. వాళ్లమ్మ చేసిన ఎర్ర కాయితం పూలగుత్తి. అంత ఎరుపు ఆ వాకిట్లో ఇంకెక్కడా లేదు.

"చూడచక్కగా ఉన్నాయి," అంది నీహార్ కాకిమా గుత్తిని అటూ ఇటూ తిప్పి చూస్తూ. "పెళ్లిలో జడకు పెట్టుకోవచ్చే బీథీ."

"అవును ఠాకుమా, సంబంధం ఏదైనా చూశారా?" అన్నాడు హాబుల్. నవ్వుతూనే అడిగాడు. కాని అతని చెయ్యి గోలిన్ భుజం మీద ఉంది, కళ్లు బీథిక మీద ఉన్నాయి. మొన్నటి కేక అతని చెవిలో ఇంకా మిగిలే ఉందని ఆ చూపులో తెలిసిపోయింది.

ఠాకుమాకూ తెలిసింది. ఒక అబద్ధం ఫలించిన మనిషికి రెండోది తేలిగ్గా వస్తుంది.

"చూడటమేంటి, కుదిరిపోయింది. కృష్ణనగర్. పోస్టాఫీసులో పని. మార్గశిరంలో ముహూర్తం." బీథిక తల తిప్పి నాయనమ్మను చూసింది. ఠాకుమా ఆ చూపు తప్పించుకుని గోలిన్ వైపు తిరిగింది. "పీట ఎత్తడానికి దీనికి అన్నదమ్ములు లేరని ఇన్నాళ్లూ బెంగగా ఉండేది. ఇప్పుడా బెంగ తీరింది. ఏం గోపాల్, ఎత్తుతావుగా?"

పెళ్లికూతుర్ని పీట మీద కూర్చోబెట్టి, అన్నదమ్ములు ఆ పీట ఎత్తి వరుడి చుట్టూ తిప్పుతారు. అది అన్న చెయ్యాల్సిన పని. కాదనడానికి లేదు.

"ఒక పక్క వాడు, ఒక పక్క నేను," అన్నాడు హాబుల్.

గోలిన్ నోట్లో ఉన్న మిఠాయి మింగడానికి కొంచెం సేపు పట్టింది. "ఎత్తుతాను ఠాకుమా," అన్నాడు. ఆ రోజు మొదటిసారి బీథిక కళ్లలోకి చూశాడు.

"భయపడకు. పడెయ్యను."

అందరూ నవ్వారు. నీహార్ కాకిమా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. బీథిక కూడా నవ్వింది. నవ్వకపోతే కనపడిపోతుంది కాబట్టి నవ్వింది.

ఆ నవ్వుల మధ్య స్తంభం దగ్గర నుంచి బాబా గొంతు వినపడింది. మెల్లగానే ఉంది, కాని మూడు రోజులుగా మాట్లాడని గొంతు కాబట్టి అందరూ విన్నారు.

"కృష్ణనగర్ వాళ్లకు నేనేమీ మాట ఇవ్వలేదే, అమ్మా."

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. అమ్మ పళ్లెం కింద పెట్టింది.  ఠాకుమా దగ్గర మూడో అబద్ధం సిద్ధంగా లేదు.

"మాట ఇవ్వకుండానే ముహూర్తమా?" అన్నాడు హాబుల్. తొందరపడకుండా, గోలిన్ భుజం మీంచి చెయ్యి తీశాడు. "అయితే ఏది నిజం ఠాకుమా? పెళ్లి ఒక్కటే ఉత్తదా, ఇది కూడానా?" అని పళ్లెంలోని గంధం వైపు గడ్డం చూపించాడు. వెనక కుర్రాళ్లు తినడం ఆపారు.

బీథిక తండ్రిని చూసింది. ఆయన కళ్లలో ఎన్నడూ లేని ధైర్యం ఉంది. తనను కాపాడుతున్నానని అనుకుంటున్నాడు. పరీక్ష రాయనిద్దామని, ఆ పిల్లను అడక్కుండా ఎవరికీ ఇవ్వనని, ఇన్ని రోజులకు ఒక మాట అనగలిగాడు. ఆ మాట మొన్న సాయంత్రం, ఇటుకలు పడుతున్నప్పుడు అని ఉంటే ఎంత బాగుండేది. ఈ వాకిలి ఉండేది కాదు. ఈ గంధమూ ఉండేది కాదు.

ఆయన్ని ఇప్పుడు ఆపాలి. ఆపగలిగింది తనొక్కతే.

"నేనే సరేనన్నాను బాబా," అంది.

అంతమంది ముందు ఆమె ఒక వాక్యం మాట్లాడటం అదే మొదటిసారి.  అందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"మీతో చెప్పడానికి సిగ్గేసింది. ఠాకుమాతో చెప్పాను. కబురు పంపమన్నాను."

బాబా కూతురి మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆమె అబద్ధం చెప్తున్నదని ఆయనకు తెలుసు. ఎందుకు చెప్తున్నదో తెలిసిన క్షణం కూడా ఆమెకు కనపడింది. ఆయన చెయ్యి స్తంభాన్ని వెతుక్కుంది.

"అలాగా," అన్నాడు. "అయితే మాట ఇచ్చినట్టే."

"సిగ్గు పడేవాళ్లు చెప్పేది నాయనమ్మలకేగా," అంది నీహార్ కాకిమా. ఎవరో శంఖం మళ్లీ ఊదారు, ఈసారి పెళ్లి కోసం. హాబుల్ గట్టిగా నవ్వి గోలిన్‌ను రెండు చేతులా కావలించుకున్నాడు. చుట్టూ కుర్రాళ్లు మూగారు.

తను అన్నది నిజమని అతను నమ్మాడా, లేదా. అది ఒక్కటే చూడాలని బీథిక మునివేళ్ల మీద లేచింది. గోలిన్ మొహం హాబుల్ భుజానికి అవతలి వైపు ఉండిపోయింది.